తెర మీద చెయ్యి

మేడ్చల్‌లో మా తమ్ముడికి కారు నేర్పినాయన, రోడ్డెక్కించే ముందు కంప్యూటర్‌లో కారు ఆట ఆడించేవాడు. ఆ ఆటలోవి పరాయి దేశపు రోడ్లు. అడ్డం వచ్చేవాళ్లే ఉండరు. అందుకని ఆయన వెనక నిలబడి, ఉన్నట్టుండి తెర మీద చెయ్యి అడ్డం పెట్టి "బర్రె!" అని అరిచేవాడు. బ్రేకు వేయకపోతే "సచ్చింది. మల్ల మొదటి సంది" అనేవాడు.

"గిన్ని బర్రెలు మా ఊర్ల గూడ లేవు సార్" అని తమ్ముడు నవ్వేవాడు.

"బర్రె గాకుంటే పోరగాడు ఉరికొస్తడు. నువ్వు రోడ్డు జూడు బిడ్డా."

భూమి అమ్మి కారు కొన్న నాయిన వారం తిరగకముందే వచ్చాడు. "ఆటలాడనీకి పంపిన్నా సారూ? లైసెన్స్ ఇప్పియ్యి, సాలు."

"ఇంకొన్ని రోజులు ఉండనియ్యి పటేలా. పిల్లగానికి ఇంకా సూపు కుదురలే."

నాయిన వినలేదు, తమ్ముడిని అప్పుడే తీసుకొచ్చేశాడు. లైసెన్స్ ఇంకోచోట దొరికింది.

ఆ ఏడాదే శామీర్‌పేట మలుపులో ఆగి ఉన్న లారీని గుద్ది తమ్ముడు చనిపోయాడు. కబురు తెలిసి ఆయన వచ్చాడు. నాయిన వేలు చూపించి అందరికీ వినిపించేలా అన్నాడు: "గీయన్నే నా కొడుక్కు బండి నేర్పింది."

ఆయన చెప్పులు విడిచి, ముందుకొచ్చి, పాడెకు భుజం పెట్టాడు.