బసీలియో వాటా గింజ

మకీలింగ్ కొండ కింది వరి పరిశోధనశాలలో లియోనీలాది ఆకుల పని. ఒక్కో ఆకునూ యంత్రం నోట్లో పెట్టి, అది ఎండను ఎంతమేర వాడుకుంటోందో రాసుకోవాలి. పన్నెండేళ్ళు ఆ పని చేసిన మొగుడు బసీలియో పోయాక, యంత్రం ఆమె చేతికొచ్చింది. ఇంట్లో పలకరించే దిక్కు లేక ఆకులతోనే మాట్లాడేది. అవి తిరిగి పలకవు, అదొక్కటే లోటు.

బసీలియోది ఎప్పుడూ ఒకటే పాట. "మొక్కజొన్నని చూడవే, ఎండని మెతుకు పోకుండా తింటది. మన వరేమో సగం ఒళ్ళో పోసుకుంటది. దీనికి తినడం నేర్పామా, నీళ్ళూ ఎరువూ తగ్గినా గాదె నిండిపోద్ది!"

ఈ పంటకి ఒక వరస మొక్కలు నేర్చుకున్నాయి. ఆయన చూడకుండా పోయిన అంకె యంత్రంలో కనిపించింది. గింజ కూడా దండిగా పట్టింది.

లియోనీలా ఇలోకోస్ సీమ మనిషి. అక్కడో ఆచారం ఉంది. కొత్త పంట ముందు పోయినవాళ్ళకు పెట్టాలి. వాళ్ళు రుచి మాత్రం తీసుకుంటారు, మిగిలింది బతికున్నవాళ్ళు తింటారు. ఈ పంట పెట్టకపోతే బసీలియోకి ఇంకేం పెట్టినట్టు? కానీ తినొచ్చని ఇంకా తేలని పరీక్ష మొక్కల గింజ ఒక్కటి కూడా గేటు దాటకూడదు. విత్తనానికి తీసినవి పోను, మిగతాదంతా కాల్చేయాలి.

"గుప్పెడు ఇవ్వు డాక్టరమ్మా, మా ఆయన పటం ముందు పెట్టుకుంటా," అని అడిగింది.

శాస్త్రవేత్త మేరిడెల్ తల దించుకుంది. "ఎవరైనా తిన్నారని తెలిస్తే పరీక్షే ఆపేస్తారు లియోనీలమ్మా. ఆయన కష్టమంతా గంగపాలే."

లియోనీలా తన చేత్తోనే కాల్చింది. జనం కడుపు నింపాలని పెంచిన గింజ ఎవరి నోటికీ అందకపోవడం ఎంత అన్యాయం!

సాయంత్రం ఇంట్లో చొక్కా విప్పుతుంటే, దాని చేతి మడతలోంచి ఒక వడ్లగింజ రాలింది. వంగి దాన్ని ఏరుకుంది. కాసేపటికి పళ్ళెం కడిగి, ఎండుచేప పక్కన గింజను ఉంచి, పటం ముందు పెట్టింది.

"తిను. వండలేదని అలగకు, ఇంతే దొరికింది."

ఎదురుగా కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత చేప తింది. గింజ జోలికి పోలేదు.

మర్నాడు దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి మేరిడెల్ బల్ల మీద పెట్టింది. సంగతి వినగానే మేరిడెల్ ముఖం పాలిపోయింది.

"రాత్రంతా మీ ఇంట్లోనే ఉందా? ఎవరూ నోట్లో పెట్టుకోలేదు కదా?"

"మా ఇంట్లో బతికున్నది నేనొక్కదాన్నే కదమ్మా," అంది లియోనీలా. "నేను తినలేదు."