వెనక నడిచే మనిషి

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవిలో నన్ను ప్రత్తిపాడులో వృద్ధుల ఆరోగ్య శిబిరానికి డెప్యుటేషన్ మీద వేశారు. నేను ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేవాణ్ణి. రిటైర్మెంటు దగ్గరపడింది, ఒళ్లు అలిసిపోయింది. ఆ ఎండకు తోడు కల్లాల మీంచి వచ్చే మిరప ఘాటు. తుమ్మి తుమ్మి, వద్దురా బాబూ ఈ ఉద్యోగం అనిపించేది.

నా పని చూడ్డానికి తేలికే. వరండాలో సుద్దముక్కతో రెండు గీతలు గీసి, పెద్దవాళ్లను రోజూ నడిచినట్టే నడవమని, స్టాప్‌వాచ్‌తో వేగం చూడాలి. మొదటి గీతకు కాస్త ముందునుంచే బయలుదేరనివ్వాలి. లేకపోతే అడుగు అందుకునే సమయం కూడా లెక్కలో పడుతుంది. నడక మందగించిందంటే మతిమరుపు జబ్బని కాదు. మోకాళ్లు కావచ్చు, చూపు కావచ్చు, వేసుకునే మాత్రలు కావచ్చు. కానీ నడకా జ్ఞాపకమూ కలిసి తగ్గుతుంటే మాత్రం డాక్టరుకు చూపించుకోవాల్సిందే. ఈ మాట చెప్పి చెప్పి నా గొంతు పోయింది. సగంమంది అది వికలాంగుల పింఛను పరీక్ష అనుకుని కావాలనే కుంటేవారు. వాళ్లందరినీ మళ్లీ నడిపించాలి, ఏం చేస్తాం!

ఒకరోజు వెంకటప్పయ్య అనే కౌలు రైతు భార్య నాగరత్నాన్ని తీసుకొచ్చాడు. "దీనికి నడక పడిపోయిందండి. ఎక్కడికెళ్లినా వెనకబడిపోద్ది," అన్నాడు. వరండాలోకి వచ్చేటప్పుడు చూశాను. ఆయన ముందు, ఆవిడ రెండడుగులు వెనక, నెమ్మదిగానే వచ్చారు. ఆయన్ను బల్లమీద కూర్చోబెట్టి ఆవిడను ఒక్కదాన్నే నడవమన్నాను. చకచకా వచ్చేసింది!

నెమ్మది ఆయనదేమోనని నాకు అనుమానమొచ్చి ఆయన్ను లేపాను. నడుస్తూ కార్తెల పేర్లు చెప్పమన్నాను. ధ్యాస మాటల మీదికి పోయినా కాళ్లు సాగుతాయా లేదా అని చూసే పద్ధతి అది. రైతుకు కార్తెలు నాలుక మీదే ఉంటాయి. ఆయన "మృగశిర" అని ఆగిపోయాడు. తర్వాత గీత దాటి గోడదాకా వెళ్లి, వెనక్కి తిరిగి భార్య కోసం చూస్తూ నిలబడిపోయాడు. "ఇటు రా అయ్యా," అని ఆవిడ పిలిస్తే గానీ కదల్లేదు.

ఆవిడను పక్కకు పిలిచి అడిగాను. కళ్లనీళ్లు పెట్టుకుంది. "పొలం దారి కూడా మర్చిపోతన్నాడండి. వెనకాల నుంచి ఎడమకీ కుడికీ అని నేనే చెబుతన్నా. నేను ముందు నడిస్తే ఊరికి తెలిసిపోద్ది. తెలిస్తే మాకు కౌలుకెవరిస్తారండీ?"

పురుగుమందు ఎవరు కలుపుతున్నారని అడిగాను. ఆయనేనంది. నాకు కోపమూ జాలీ రెండూ వచ్చాయి. ఆ డబ్బా ఆయన చేతికివ్వొద్దని గట్టిగా చెప్పి, రాయొద్దని ఆవిడ బతిమాలుతున్నా వినకుండా ఆయన పేరు మీద గుంటూరులో నరాల డాక్టరుకు రాసిచ్చాను.

మరుసటి ఏడు మిరప కోతల నాటికి మళ్లీ వచ్చారు. మతిమరుపు జబ్బేనని అక్కడ తేల్చారట. ఈసారి ఆవిడ ముందు నడుస్తోంది. కౌలు సంగతి అడిగాను.

"పోయిందండి. ఇంక ఎవరు ముందు నడిస్తే ఏముందిలెండి," అంది.

రోగినే కాదు, రోగిని తీసుకొచ్చిన మనిషిని కూడా నడిపించి చూడాలని నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. రిటైరయ్యేదాకా అలాగే చేశాను.