ఇంగ్లీషు అక్కయ్య కొట్టిన ‘ఇర్రిగార్డ్‌లెస్’

మా సబ్బుల ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టును అందరూ ఇంగ్లీషు అక్కయ్య అనేవారు. ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషులో ఏ కాగితం వెళ్లినా ఆమె చేతి మీదుగానే. ఆవిడ పక్క టేబుల్ గుమస్తాను నేను. ఎవరైనా తప్పు పట్టబోతే ఆవిడకు కోపం ముక్కు మీదే ఉండేది. ‘ఏదీ లెక్కచేయకుండా’ అనడానికి ఇంగ్లీషువాళ్లకు ‘రిగార్డ్‌లెస్’ చాలు. ఆమెకు చాలదు. ముందు ‘ఇర్’ తగిలించి ‘ఇర్రిగార్డ్‌లెస్’ అని కొట్టేది.

“ఉత్త ‘లేదు’ అంటే ఎవడు నమ్ముతాడు తమ్ముడూ? ‘లేనే లేదు’ అనాలి. ఇదీ అంతే” అనేది.

సెలవుల రూలూ ఆమె కొట్టిందే. హోదా లెక్కచేయకుండా, ఆపరేషన్ అయిన ఎవరికైనా నెల రోజులు జీతంతో సెలవు. ‘లెక్కచేయకుండా’ దగ్గర మామూలే, ‘ఇర్రిగార్డ్‌లెస్’. పాత మేనేజరు చదవకుండానే సంతకం గీకేశాడు.

స్వీపరమ్మకు గర్భసంచి ఆపరేషన్ చేయాలన్నారు డాక్టర్లు. ఆమె సెలవు అడిగితే కొత్త మేనేజరు రూలు చూసి నవ్వాడు.

“‘ఇర్’ అన్నా లేదనే, ‘లెస్’ అన్నా లేదనే. రెండు ‘లేదు’లు కలిస్తే ‘ఉంది’ అనేగా! అంటే హోదా చూడాలన్నమాట. స్వీపర్లకు సెలవు లేదు.”

“పోనీలే అక్కా, జీతం లేకుండా ఎలా పడుకుంటాను? నొప్పి ఓర్చుకుంటాను” అంది స్వీపరమ్మ బయటికి వచ్చి. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కయ్య ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

సొరుగులోంచి డిక్షనరీ తీసింది. నేనూ తొంగి చూశాను. ఆ మాట ఉంది. అర్థం ‘రిగార్డ్‌లెస్’ అనే ఉంది. కిందే, ఇది తప్పు వాడుక, చదువుకున్నవాళ్లు రాయరు అని కూడా ఉంది.

“అర్థం ఒక్కటే చదివి వచ్చెయ్యి అక్కయ్యా” అన్నాను.

“సగం చదివితే ఆయన నమ్మడు.”

డిక్షనరీ పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది. తలుపు తీసే ఉంది. ఆఫీసంతా విన్నాం.

“అర్థం మారదు సార్, చూడండి. చదువుకున్నవాళ్లు ఈ మాట రాయరని కూడా ఉంది. ఇన్నేళ్లూ తప్పే కొట్టాను. నన్నేమైనా అనండి, ఆవిడ సెలవు మాత్రం ఆపకండి.”

మేనేజరు ఆ పేజీ రెండుసార్లు చదివి సెలవు కాగితం మీద సంతకం పెట్టాడు. స్వీపరమ్మ ఆపరేషన్ చేయించుకుని, నెల తర్వాత తేలిగ్గా నడుస్తూ వచ్చింది.

నాకొచ్చే ఇంగ్లీషు ఏపాటిదో అక్కయ్యకు బాగా తెలుసు. అయినా ఆ రోజు నుంచి ప్రతి కాగితమూ మెషీన్లోంచి తీసి నా ముందు పెట్టేది.

“ఒక్కసారి చూడు తమ్ముడూ, ఇది కరెక్టేనా?”