చూసిచెప్తా గారు

గ్రంథాలయం వెనక గదిలో డేటాబేస్ చూసుకునే ఆయన్ని అందరూ చూసిచెప్తా గారనే పిలుస్తారు. ఏమడిగినా ఆయన నోట వచ్చే మొదటి మాట అదే. ముందు హాల్లో తెర మీద మొత్తం పుస్తకాల సంఖ్య వెలుగుతూ ఉంటుంది. అడిగినప్పుడల్లా లక్షల వరుసలు లెక్కపెట్టలేక ఆ అంకెను విడిగా దాచి ఉంచుతారు. పుస్తకం వస్తే ఒకటి కలుపుతారు, పోతే ఒకటి తీసేస్తారు. కౌంటర్లో ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే రెండుకు బదులు ఒకటే కలిసి, ఒక కూడిక గల్లంతవుతుంది. "దాచిన అంకె నిన్నటి పువ్వండీ, రంగు చూసి నమ్మకూడదు" అంటాడాయన. అందుకే సాయంత్రం కంప్యూటర్ చేత అన్నీ మొదటినుంచీ లెక్కపెట్టిస్తాడు. అది లెక్కపెడుతున్నంతసేపూ కళ్ళు అరమోడ్చి, బొటనవేలిని వేళ్ళ కణుపుల మీద నడిపిస్తూ కూర్చుంటాడు. పుస్తకాలన్నీ అరలు దిగి, మందలా, మెత్తగా తన ముందునుంచి ఇంటికి పోతున్నట్టు ఉంటుందాయనకు. తెర మీది అంకెను సరిదిద్దాకే చెప్పులేసుకుంటాడు.

ఇంట్లోనూ అంతే. పంచదార ఉందా అని భార్య అడిగితే డబ్బా మూత తీయందే జవాబు రాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, కూతురు ఒళ్ళో నిద్రపోతోంది, కిటికీ తెర ఊగుతోంది, ఆయనకూ రెప్పలు వాలుతున్నాయి. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"ఏవండీ, మన ఇంట్లో ఎంతమందిమి?"

"ముగ్గురం" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

"అయ్యో రామా, ఇదొక్కటీ చూడకుండానే చెప్పేశారే!"

ఆమె నవ్వుతూ ఆయన చేయి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. ఆయన రెండో చేతి బొటనవేలు, మూడో కణుపు దాటి, మెల్లగా పక్క వేలి మీదికి జరిగింది.