రొట్టె వంతు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో నాకు ఆఖరి బదిలీ వచ్చింది. రాష్ట్రం దాటి, బైలాడిలా కొండల కింద ఉన్న ఒక ఇనుప గని టౌన్‌షిప్‌లో, తెలుగు సంఘానికి పాస్టరుగా చేరమని బిషప్‌గారి ఉత్తర్వు. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. నా భార్య ఆ కాగితం రెండుసార్లు చదివి, విశాఖ నుంచి రైలుంది కదా, అదొక్కటే నయం అంది. పాస్టరు పని కూడా ఒక ఉద్యోగమేనా అని అడిగేవాళ్లుంటారు. బదిలీలు, రిజిస్టర్లు, చార్జి అప్పగింతలు, పైవాళ్ల తనిఖీలు మాకూ ఉన్నాయి. లేనిదల్లా ఆదివారం సెలవు.

సంఘంలో సగంమంది ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన గని ఉద్యోగుల కుటుంబాలు. మిగతావాళ్లు చుట్టుపక్కల ఉసూర్, భేజ్జి వైపు పల్లెల నుంచి పనులకొచ్చి స్థిరపడినవాళ్లు. ఒక చరణం తెలుగులో పాడితే తరవాతిది హిందీలో అందుకునేవారు. చెప్పులు గుమ్మం బయట, మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు. ఎవరొచ్చినా జరిగి చోటిచ్చే సంఘమని మాకు పేరుండేది. ఆ పేరు విని నేనూ కాస్త మురిసిపోయేవాణ్ణి.

నెలలో మొదటి ఆదివారం బల్ల ఆరాధన, అంటే ప్రభువు భోజనం. చాలా సంఘాల్లో దానికి బజారులో దొరికే పల్చటి బిళ్లలు వాడతారు. ఇక్కడ మాత్రం మొదటినుంచీ ఇంట్లో చేసిన రొట్టె. ఉప్పు లేకుండా, పులియనివ్వకుండా మైదా పిసికి, మందంగా ఒత్తి, పెనం మీద సన్నని సెగన కాల్చాలి. నెలకొక ఇంటివాళ్లు శనివారం చేసి, ఆదివారం పొద్దున తెల్లగుడ్డలో చుట్టి తెస్తారు. ఆరాధనకు ముందు వెస్ట్రీలో, అంటే పాస్టరు గదిలో, దాన్ని చిన్న ముక్కలుగా కోస్తాం. ఆరాధనలో వరసగా లేచి వచ్చినవాళ్ల చేతిలో ఒక్కో ముక్క పెడతాను. ప్రార్థన చేసిన రొట్టె నిలవ ఉంచకూడదు, పారేయకూడదు. మిగిలింది పాస్టరు తినాలి.

ఈ వంతుల పట్టిక స్త్రీల సమాజం అధ్యక్షురాలు సత్యవతమ్మగారి చేతిరాత. వెస్ట్రీ తలుపు వెనక మేకుకు వేలాడుతుండేది. ఆవిడ భర్త గనిలో డంపరు నడిపి రిటైరయ్యాడు. ఈవిడ మాత్రం సంఘాన్ని నడపడంలో రిటైరు కాలేదు. ఆవిడ పెట్టిన నియమం ఒకటే. బాప్తిస్మం పొంది, తరగతులకు హాజరై, బిషప్‌గారి చేత కన్ఫర్మేషన్ అయినవాళ్లు పూర్తి సభ్యులు. పూర్తి సభ్యులైన మరుసటి నెల నుంచే పట్టికలో వంతు.

ఆ ఏడాది కన్ఫర్మేషన్ అయినవాళ్లలో గంగ ఉంది. గంగ హిజ్రా. ఆ మాట ఆమే చెప్పుకునేది. ఉసూర్ దగ్గర పల్లెలో పుట్టి, చిన్నప్పుడే ఇల్లు విడిచి, ఊరూరూ తిరిగి ఇక్కడ స్థిరపడింది. వారపు సంతలో మిరపకాయ బజ్జీలు వేసేది. టౌన్‌షిప్‌లో ఆమె బజ్జీ తినని ఇల్లు లేదు, మా కమిటీ పెద్దలతో సహా. గుడిలో ఆడవాళ్ల వైపు కూర్చునేది. మొదటి రెండు వారాలు కొందరు తిరిగి తిరిగి చూశారు, తరవాత మానేశారు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

వంతు దగ్గరికొచ్చేసరికి కమిటీ సెక్రటరీ ప్రసాదరావుగారు వెస్ట్రీకి వచ్చారు. గనిలో సీనియర్ ఫోర్‌మన్. చెడ్డవాడు కాదు, గొంతు పెంచే మనిషీ కాదు. కూర్చోవడం వేరు, బల్ల మీదికి ఆమె చేతి రొట్టె రావడం వేరు, కొందరు ఆ రోజు లేచి రారు, చూసుకోండి అన్నారు. ఆ కొందరు ఎవరని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి. గంగకు కాదని చెప్పడానికి నోరు రాలేదు, ప్రసాదరావుగారికి ఆమే చేస్తుందని చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఇంతకాలం సర్వీసులో తెలివి మాత్రం బాగానే అబ్బింది. విశాఖ నుంచి బిళ్లల పెట్టె తెప్పించాను. కరోనా తరవాత ఆరోగ్యం దృష్ట్యా ఇకమీదట ఇంటి రొట్టె వద్దని ఆదివారం ప్రకటనల్లో చదివాను. అందరూ తలలూపారు. ఎవరినీ నొప్పించకుండా నెగ్గుకొచ్చానని ఆ మధ్యాహ్నం హాయిగా భోంచేశాను. సత్యవతమ్మగారు మాత్రం మేకు మీది పట్టిక తీసి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు.

మంగళవారం పొద్దున గంగ మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే వరండాలోనే నిలబడింది.

"అయ్యగారూ, ఏంది ఇది? నా నంబర్ వచ్చినప్పుడే రొట్టె బంద్ అయిందేంది?"

ఆరోగ్యం అని మొదలుపెట్టాను. ఆమె పూర్తి కానివ్వలేదు.

"నాతోని అయితే వద్దని నాకే చెప్పుండ్రి. నేను గిట్ల శానా ఇన్న. నా పేరు కొట్టేసి, అమ్మలందరినీ చెయ్యనియ్యుండ్రి. ఎన్నేండ్ల నుంచో చేస్తున్రు ఆళ్లు. నా ఒక్కదాని కోసం అందరి చెయ్యి ఎందుకు ఆపిండ్రు?"

కోపంగా అడిగి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ణి. ఆమె నిజంగానే వాళ్ల తరఫున అడగడానికి వచ్చింది. నాకు చాలా సిగ్గేసింది. తను ఎంత ఎదురుచూసిందో గంగ చెప్పలేదు. తరవాత తెలిసింది, కొత్త పెనం కొనిపెట్టుకుందని. బజ్జీల నూనె వాసన తగలకూడదని దాన్ని బియ్యం డబ్బాలో దాచిందట.

మా ఆరాధన క్రమంలో పాపపు ఒప్పుకోలు అని ఒక భాగం ఉంది. పాస్టరు చదివిస్తాడు, సంఘం చదువుతుంది. ఆ ఆదివారం అక్కడ ఆగి, బిళ్లలు తెచ్చింది కరోనాకు భయపడి కాదు, మనుషులకు భయపడి అని చెప్పాను. ఎవరి వంతును తప్పించడానికో కూడా చెప్పాను. గంగ అనుమతి ముందే తీసుకున్నాను. ప్రసాదరావుగారి పేరు ఎత్తలేదు. వచ్చే నెల రొట్టె గంగ చేస్తుందని చెప్పి క్రమం కొనసాగించాను. ఆరాధన అయ్యాక వెస్ట్రీకి వెళ్లేసరికి పట్టిక మళ్లీ మేకు మీద ఉంది.

కొత్త ఇంటి మొదటి వంతుకు సత్యవతమ్మగారు స్వయంగా వెళ్లి దగ్గరుండి చేయించడం ఆనవాయితీ. సంత వెనక సందులో గంగ గదికి కూడా శనివారం వెళ్లొచ్చారు.

"సెయ్యి మంచిదేనండి అయ్యగారూ. గాని అప్పడంలాగ ఒత్తేత్తంది. రెండుసార్లు సీవాట్లెట్టాను" అని నాకు రిపోర్టు ఇచ్చారు.

ఆదివారం వెస్ట్రీలో తెల్లగుడ్డ విప్పాం. రొట్టెలు సమంగా కాలి ఉన్నాయి. కత్తి తీసుకుంటూ నేను, ఈ రోజు కాస్త తక్కువ కోద్దామా, మిగిలితే కష్టం అన్నాను. సత్యవతమ్మగారు నా వైపు తేరిపార చూశారు.

"రిజిస్టర్లో ఎంతమందున్నారో అంతమందికీ కొయ్యండి. రానోల్ల ముక్క మిగల్నీండి. మిగిలితే మీరు తింతారు, అంతే కదేటి?"

అందరికీ కోశాం. వరస తరవాత వరస వచ్చి మోకరించారు. ప్రసాదరావుగారు తన వరస లేచినప్పుడు లేవలేదు. ఆయన భార్య లేచి వచ్చింది. ఆఖరి వరసలో, గుమ్మం పక్కన కూర్చునే పల్లెవాళ్ల మధ్య, ఆయన వచ్చి చెయ్యి చాపారు. నేను ముక్క పెట్టాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రెండు కుటుంబాలు మాత్రం కూర్చున్న చోటునుంచి కదల్లేదు.

వంతు ఇంటివాళ్లే పాత్రలు కడగాలి. గంగ గిన్నెలు కడుగుతుంటే నేను నిలబడి మిగిలిన ముక్కలు తింటున్నాను. మామూలుకంటే ఎక్కువే ఉన్నాయి. శానా మిగిలిందా అయ్యగారూ అని అడిగింది. ఈసారి అబద్ధం చెప్పకుండా, మిగిలింది అన్నాను. పళ్లెంలోకి తొంగి చూసి నవ్వింది.

"గింతేనా! సంతలో గింతే మిగిలితే మంచి దినం అనుకుంట నేను."

పట్టిక తిరిగి రెండోసారి ఆమె వంతు వచ్చేనాటికి ఆ రెండు కుటుంబాల్లో ఒకటి లేచి వచ్చింది. రెండోది నేను రిటైరయ్యే దాకా గంగ వంతునాడు లేవలేదు, అయినా గుడి మానలేదు. బిళ్లల పెట్టె సీలు విప్పకుండానే గడువు దాటిపోయింది.

ఒకరికి కాదని చెప్పలేక అందరికీ నియమం మార్చడం మర్యాద కాదు, పిరికితనం. ఇది నేను సర్వీసు చివరలో నేర్చుకున్నాను, ఆలస్యమే. చార్జి అప్పగించిన రోజు రిజిస్టర్లు, పాత్రలు, తాళాలు లెక్కచూసి కొత్త పాస్టరు సంతకం పెట్టాడు. కాగితంలో లేనిది ఒకటి నోటితో చెప్పాను. రొట్టె కోసేటప్పుడు ఎవరొస్తారో ఊహించి కోయొద్దు, రిజిస్టర్లో ఉన్నవాళ్లందరికీ కోయి, మిగిలింది నువ్వు తిను అన్నాను.