రంపం మిషనులో పోసిన ప్రార్థన నూనె

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు నూనె సీసాలు ఉండేవి. ఒకటి వసారాలో, మా తాతయ్య పనిముట్ల పెట్టె పక్కన. అది పెట్రోలులో కలిపే ఇంజను ఆయిలు. రెండోది లోపలి గది గోడ అరలో, పాటల పుస్తకం పక్కన. అది మా చర్చి సంఘం అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనె. మాలో ఎవరికి జ్వరం వచ్చినా మా అవ్వ ఆ నూనె నుదుట రాసి, మోకరించి ప్రార్థించేది. జ్వరం తగ్గేది. నాకు అందులో అనుమానమేమీ ఉండేది కాదు, ఇప్పటికీ లేదు.

తొంభైల నాటి మాట ఇది. మేముండేది వాషర్‌మెన్‌పేట్‌లో, రెండు సైకిళ్ళు ఎదురుపడితే ఒకటి ఆగవలసిన సందులో. మా తాతయ్య చిన్న ఇంజన్లు బాగుచేసేవాడు. పెళ్ళి మండపాల జెనరేటర్లు, నీళ్ళు తోడే పంపులు, దోమలకు పొగ కొట్టే మిషన్లు మా వసారాకు వచ్చేవి. ఏ మిషను వచ్చినా ముందు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి, దాని మొన రంగు చూసేవాడు. మసి పట్టిందా, తడిసిందా, తెల్లగా కాలిందా అని చూసి, "దీనికి ఫలానా జబ్బు" అనేవాడు. నలభై ఏళ్ళు ఇంజన్ల రొదలో బతికిన మనిషి కాబట్టి చెవులు మందగించాయి. "మీ తాతకి రహస్యం చెప్పాలంటే పక్కనున్న రాయపురందాకా ఇనపడాల" అని అవ్వ నవ్వేది.

ఒక వానాకాలం పెద్ద గాలివాన వచ్చి ఊరంతా చెట్లు పడిపోయాయి. మర్నాడు పొద్దున్నే చెట్లు కొట్టే ఒకాయన రంపం మిషను భుజాన వేసుకుని మా వసారాలోకి వచ్చాడు. పక్క సందులోనే ఉండేవాడు, తాతయ్యను మామా అని పిలిచేవాడు. ఏళ్ళ తరబడి గొడ్డలి విసిరి విసిరి ఆయన కుడి భుజం పాడైంది. అందుకే ఆ ఏడాది ఎవరో వాడిన మిషను ఒకటి సంపాదించుకున్నాడు. గాలివానకు కూలిన చెట్లు తీసే పని ఒక వీధి మొత్తం ఆయనకు దొరికింది. కానీ మిషను నాలుగైదు నిమిషాలు బాగా ఆడి ఆగిపోతోంది.

"రెండింటికల్లా ఆడ ఉండాల మామా. లేదంటే సూపర్‌వైజరు వేరే ఆళ్ళకి ఇచ్చేస్తాడంట. మళ్ళీ గొడ్డలి ఎత్తాలంటే ఈ చెయ్యి లేవదు" అన్నాడు.

తాతయ్య ప్లగ్గు చూశాడు, తుడిచి బిగించాడు. గాలి వడపోత దులిపాడు. ట్యాంకులోని వడపోత బయటికి లాగి పెట్రోలుతో కడిగాడు. ప్రతిసారీ మిషను అందుకునేది, నాలుగైదు నిమిషాలు ఆడేది, దగ్గి ఆగిపోయేది. చివరికి ప్లగ్గే వేడెక్కి మొరాయిస్తోందేమోనని, కొత్తది తేవడానికి పెద్ద వీధికి వెళ్ళాడు. చెట్లాయన టీ తాగడానికి పోయాడు. అవ్వ లోపల బియ్యం కడుగుతోంది.

ఆ వారమే ఆదివారపు బడిలో మాకు రోగులకు నూనె రాసి ప్రార్థించడం గురించి పాఠం చెప్పారు. మిషనుకు జబ్బు చేసిందని తాతయ్యే అంటాడు కదా. నేను లోపలికి వెళ్ళి అవ్వ సీసా తెచ్చాను. మిషనుకు నుదురు ఎక్కడుంటుందో తెలియక, తాతయ్య ఆయిలు పోసేచోటే పోద్దామని ట్యాంకు మూత తిప్పాను. 'ఉస్'మని ఒక చప్పుడు వచ్చింది. భయపడ్డాను కానీ ఆగలేదు. మూతెడు నూనె పోసి, గట్టిగా బిగించి, కళ్ళు మూసుకుని ప్రార్థించాను.

చెట్లాయన తిరిగి వచ్చి ఊరికే తాడు లాగి చూశాడు. ఒక్క లాగుకే మిషను అందుకుంది. నేను పరుగెత్తి అవ్వకు చెప్పాను. అవ్వ తడిచేతులతోనే నన్ను దగ్గరకు తీసుకుని స్తోత్రం చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఆదివారం సంఘంలో లేచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలంది. పదేళ్ళ పిల్ల సాక్ష్యం చెప్పడం మా సంఘంలో ఎన్నడూ లేదు. మనసులో మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాను. అంతలో తాతయ్య కొత్త ప్లగ్గుతో వచ్చాడు. ఆయన చూస్తుండగానే మిషను దగ్గి ఆగిపోయింది.

నా విశ్వాసం చాలలేదనుకున్నాను. ఎవరూ చూడకుండా ఇంకో మూతెడు పోస్తే సరిపోతుందనుకున్నాను.

"నేను పోయొచ్చేలోపల దీన్ని ఎవురు తాకినారు?" అని తాతయ్య అడిగాడు.

"తాడు లాగినా, అంతే మామా" అన్నాడు చెట్లాయన. అవ్వ నా వైపు చూసింది. చెబితే నా అద్భుతం పోతుంది. చెప్పకపోతే చెట్లాయన భుజం మీదికి మళ్ళీ గొడ్డలి వస్తుంది. కాసేపు కొట్టుమిట్టాడి, తాతయ్య చెవి దగ్గర చెప్పాను. ఆయనకు వినబడేలా చెప్పాలి కాబట్టి సందంతా విన్నది.

"కొబ్బరినూనా? తలకి కూడా రాసి జడేసుంటే పోయేది కదా పాపా" అన్నాడు చెట్లాయన. నవ్వాడు గానీ మొహంలో నెత్తురు లేదు.

తాతయ్య నవ్వలేదు, కోప్పడలేదు. నా ఎదుట గొంతుక్కూర్చున్నాడు. "ముందు ఏ చెయ్యి పెట్టినావు, తర్వాత ఏం చేసినావు, ఒక్కొక్కటే చెప్పు" అన్నాడు. చెప్పాను. మూత తిప్పగానే వచ్చిన చప్పుడు దగ్గరికి వచ్చేసరికి చేయెత్తి ఆపాడు.

"ఏం చప్పుడు?"

"ఉస్ అని, తాతా."

ఆ చప్పుడు ఆయన చెవులకు ఎన్నటికీ అందేది కాదు. పొద్దుటినుంచీ మూత తీస్తున్నా వినలేదు. మిషను మళ్ళీ ఆడించి, ఆగిపోయాక నన్ను మూత తిప్పమన్నాడు. 'ఉస్'మంది. నూనె ఏమీ పోయకుండా మూత పెట్టి తాడు లాగితే, మిషను అందుకుంది.

మూతలో ఒక సన్నటి బెజ్జం ఉంటుందని, పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ గాలి ఆ దారిన లోపలికి రావాలని చెప్పాడు. సీసా నోటికి బిగించి పీలిస్తే నాలుగు గుక్కల తర్వాత ఏమీ రాదు చూడు, అలాగే అన్నాడు. బెజ్జం నిండా రంపపు పొట్టు ఆయిలుతో కలిసి గట్టిపడి ఉంది. అవ్వ దగ్గర స్టవ్ పిన్ను తీసుకుని దాన్ని పొడిచాడు. కొబ్బరినూనె లోపల జిగురు కడుతుందని ట్యాంకు మొత్తం ఒంపేసి, కొత్తగా కలిపి పోశాడు. మిషను పావుగంట ఆగకుండా ఆడింది. ఒంటిగంట దాటకుండానే చెట్లాయన దాన్ని ఎడమ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను గడప మీద కూర్చుని ఏడుస్తుంటే తాతయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అయితే నూనె పనిచెయ్యలేదా తాతా?"

"నూనె సంగతి దేవుడికి తెలుసు. మూత సంగతి మనం చూసినాము. ఆదివారం లేస్తే చూసింది చెప్పు."

ఆదివారం లేచాను. చూసింది చూసినట్టు వరసగా చెప్పాను. కొందరు నవ్వారు. మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో సిగ్గుకో తెలియదు. అయ్యగారు మాత్రం చివరిదాకా విని, నా తల మీద చేయి పెట్టి దీవించారు.

ఇప్పుడు నా పిల్లలు కాలేజీకి వచ్చారు. శుక్రవారాలు ఆడవాళ్ళ కూడిక నేనే నడుపుతాను. పోయిన ఏడాది మా ఆయన న్యుమోనియాతో ఆసుపత్రిలో పడ్డాడు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. ఆయన లేచి ఇంటికి వచ్చాక సాక్ష్యం చెప్పమన్నారు. ప్రార్థనకు ఆయన లేచాడని చెబితే అందరూ సంతోషించేవారు. నేను లేచి, ప్రార్థించామని చెప్పాను. ఎనిమిది రోజులు సూదిమందు ఎక్కించారనీ చెప్పాను. రాత్రిళ్ళు కూర్చున్న నర్సు ఎంత ఓపికగా చూసిందో కూడా చెప్పాను. అన్నీ జరిగినవే. వాటిలో ఏది దాచినా నా దేవుడి మహిమ పెరగదని నాకు తెలుసు.