మూడు వందల డెబ్బై ఐదు చొప్పున

మొన్న ఆదివారం మా అక్క కూతురు బడి పని ముందేసుకుని ఇరవై ఐదు, యాభై, డెబ్బై ఐదు, వంద అని గొణుక్కుంటూ నాలుగు వందల దాకా వెళ్ళి, "చిన్నమ్మా, చివరికి గీ నాలుగే మల్ల మల్ల వస్తున్నయేంది?" అని అడిగింది. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను గానీ, మనసు అప్పటికే ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు గట్టెక్కేసింది. ఎక్కాలను పాటలా వల్లించిన నా ఈడు వాళ్ళకు ఈ సంగతి చెబితే నవ్వకుండా వింటారనిపించి రాస్తున్నాను.

అప్పుడు నేను ఆరో తరగతి. హాజరు పిలిస్తే పలకడానికి సిగ్గుపడి చెయ్యెత్తేదాన్ని; చెప్పాలనుకున్నవన్నీ డైరీకే చెప్పుకునేదాన్ని. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ వానాకాలం చెరువులోకి నీళ్ళొచ్చాయి. మా చేపలు పట్టేవాళ్ళ సంఘానికి మా బాపు పెద్ద. అందరి తరఫునా మాట్లాడి నలభై ఐదు వేల చేప పిల్లలను లారీలో తెప్పించాడు. ఇప్పుడు నీళ్ళలో ఎన్ని పడితే ఎండాకాలం వలలో అన్నే, తక్కువ పడితే ఇంటింటా మాట పడాల్సింది బాపే. ఆయనకు చదువు రాదు. లారీతో వచ్చిన మనిషి రాసే కాగితం మీద చివర వేలిముద్ర వేయాల్సింది కూడా ఆయనే.

ఆ లెక్కకు ఒక పద్ధతి ఉండేది. మొదటి చిల్లుల జాలి గిన్నెడు పిల్లలను వెడల్పాటి పళ్ళెంలో పోసి రెండు వైపుల వాళ్ళూ ఒక్కొక్కటే లెక్కపెట్టేవాళ్ళు. ఆ రోజు మూడు వందల డెబ్బై ఐదు తేలాయి. ఇక అక్కణ్ణుంచి గిన్నె గిన్నెకూ అంతేసి కలుపుతూ లారీ మనిషి గట్టిగా చెప్పాలి, మా నాయనమ్మ గిన్నెకొక చింతగింజ ముంతలో వేయాలి. నేను ఆమె వెనక కూర్చుని, వినబడిన ప్రతి అంకెనూ డైరీలో రాసుకుంటున్నాను. ఎనిమిదో గిన్నెకు సరిగ్గా మూడు వేలు వచ్చింది. తొమ్మిదో గిన్నె నుంచి చివరి మూడంకెలు మళ్ళీ మొదటి వరుసలోనే నడిచాయి: మూడు వందల డెబ్బై ఐదు, ఏడు వందల యాభై, నూట ఇరవై ఐదు... పదహారో గిన్నెకు ఆరు వేలు, ఇరవై నాలుగో దానికి తొమ్మిది వేలు. ప్రతి ఎనిమిదో గిన్నెకూ మూడు సున్నాలు రాక తప్పదని తెలిసి, ఎవరూ చూడని వస్తువు నాకొక్కదానికే దొరికినంత సంబరపడ్డాను.

పదకొండు వేల ఆరు వందల ఇరవై ఐదు దగ్గర ఆ మనిషికి ఫోన్ వచ్చింది. పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఆగిన ఇంకో లారీ గురించి మాట్లాడుతూనే తర్వాతి గిన్నె పోయించి, పన్నెండు వేల మూడు వందల డెబ్బై ఐదు అన్నాడు. సున్నాలు రాలేదు. బాపు తలూపుతున్నాడు, ఇంకో గిన్నె నింపుతున్నారు, ఇప్పుడు పలకకపోతే ఆ లెక్క అలాగే కాగితంలోకి ఎక్కిపోతుంది.

"పన్నెండు వేలే," అన్నాను. ఎవరికీ వినబడలేదు. లేచి నిలబడి మళ్ళీ అన్నాను.

లారీ మనిషి నవ్వాడు. "పన్నెండు వేలు నేనెప్పుడో అన్న. గీ పోరి నాకు లెక్క నేర్పుతదా?"

నాయనమ్మ అతని వైపు చూడను కూడా లేదు. ముంత నా ముందు బోర్లించి, "గింజలున్నయ్ గదా, నువ్వే సూడు బిడ్డా," అంది.

ఎనిమిదేసి కుప్పలు పెట్టాను. నాలుగు కుప్పలయ్యాయి, ఒక్క గింజ కూడా మిగల్లేదు. అతను మోసం చేశాడో మరిచిపోయాడో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, కాగితం మీది అంకె కొట్టేసి పన్నెండు వేలని రాసుకున్నాడు. "దీని నోట్ల మాటున్నదని ఇయ్యాల తెలిసింది," అని పక్కింటి పెద్దమ్మ అంటే గట్టంతా నవ్వింది. బాపు మాత్రం నవ్వలేదు. "ఇగ నువ్వే చెప్పు బిడ్డా," అన్నాడు.

మిగిలిన ఎనభై ఎనిమిది గిన్నెలూ నేనే చెప్పాను. మొదట గొంతు పీలగా వచ్చింది, ఇరవై వేలు దాటాక అవతలి ఒడ్డున బట్టలుతికే వాళ్ళు కూడా తలెత్తి చూశారు. సున్నాల గిన్నె దగ్గరికొచ్చేసరికి మా వాళ్ళందరూ నాతో గొంతు కలిపేవాళ్ళు. నూట ఇరవయ్యో గిన్నెకు నలభై ఐదు వేలు అని నేను అరిచిన అరుపు, నా జీవితంలో అంత పెద్దది మరొకటి లేదు. బాపు అప్పుడు వేలిముద్ర వేసినంత నిబ్బరంగా వేయడం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు చేప పిల్లలను కరెంటు కాటా మీద తూచి నీళ్ళలో వదులుతున్నారు. అంకె దానంతటదే ఎర్రగా వెలుగుతుంది, ఎవరినీ నమ్మనక్కర్లేదు. మంచిదే. కానీ ఆ గట్టు మీద ఇప్పుడు ఎవరూ గొంతెత్తనక్కర్లేదు. నాలాంటి పిల్ల ఒకతె అక్కడ ఓ మూల కూర్చుని ఉంటే, తన గొంతు ఎంత దూరం పోతుందో తెలియకుండానే ఇంటికి వెళ్ళిపోతుంది.